ఇంకొంచెం... వద్దు

మావారికి చక్కెర జబ్బు వచ్చిందని తెలిసిన రోజునుంచీ మా వంటింట్లో రాగిపిండి డబ్బా అటకమీదనుంచి కింది అరలోకి దిగింది. "రాత్రిపూట అన్నం మానేసి సంగటి తినండి" అన్నారు డాక్టరుగారు, అదేదో కొత్త మందు పేరు చెప్పినట్టు. చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకి సంగటి తినమని చీటీ రాసివ్వాల్సిన కాలం వచ్చిందంటే, మా అవ్వ బతికుంటే ఎంత నవ్వుకునేదో!

సంగటి చెయ్యడం సులువేం కాదు సుమండీ. ముందు నూకలు ఎసట్లో వేసి మెత్తగా ఉడకనివ్వాలి. పైన రాగిపిండి గోపురంలా పోసి, నడుమ తెడ్డుతో ఒక బొక్క పెట్టి, మూతవేసి, మంట తగ్గించి, పచ్చివాసన పోయేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత గిన్నె కదలకుండా అదిమిపట్టుకుని గెలకాలి. మా అవ్వ కుండని కిందికి దించుకుని, రెండు పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులతో గెలికేది. ఒక్క ఉండ ఉండేది కాదు. నేను మొదటిరోజు చేసినదాంట్లో ఉండలు తప్ప ఇంకేమీ లేవు. మావారు వాటిని పళ్ళెం అంచుకి నెట్టేసి, పక్కన పెట్టిన ఊరిబిండిని మాత్రం బాగుందని మెచ్చుకుని లేచారు.

మర్నాడు గిన్నెలు తోమడానికి వచ్చిన మా పనామె ఆ గిన్నె చూసి నోరు నొక్కుకుని నవ్వింది.

"ఏందమ్మా, మీరు గూడా సంగటికి వచ్చేసినారా?"

"అయ్యగారికి షుగరు. డాక్టరు తినమన్నాడు" అన్నాను.

"మా ఇంట్లో చేస్తే పిల్లోళ్ళు మొగం అట్ల తిప్పేసుకుంటారమ్మా. వాళ్ళకి బియ్యమే కావాల. సంగటి తింటామంటే ఇస్కూల్లో నగుతారంట" అంది గిన్నెలో నీళ్ళు పోసి నానబెడుతూ.

ఆమె మామూలుగానే అన్నదిగానీ నాకు ఆ మాట రెండురోజులు వదల్లేదు. అదే రాగి, అదే నూకలు, అదే తెడ్డు. మా ఇంట్లో అది ఆరోగ్యం. ఆమె ఇంట్లో అది నామోషీ. మా డబ్బా పిండి సూపర్ మార్కెట్లో రంగుల సంచీలో వచ్చింది, అందుకా? 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. అదే ఏడు మార్చిలో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో పిల్లలకి రాగిజావ పొయ్యడం మొదలుపెట్టారు. ఇంత మర్యాద దొరికాక కూడా ఆమె పిల్లలకి అది చిన్నతనంగా ఎందుకుంది?

కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. మా చిన్నతనంలో పల్లెల్లో వరి అన్నం పండక్కీ, చుట్టాలకీ. మిగతా రోజులన్నీ సంగటే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో కూడా తెల్లటి అన్నం ఉడికింది. ఆ అన్నం ఒట్టి అన్నం కాదు, "మేమూ మీలాగే" అని చెప్పుకునే ధైర్యం. ఇప్పుడు మనం ఆ అన్నం వదిలేసి సంగటికి వస్తే వాళ్ళు వెనక్కి రమ్మంటే వస్తారా? రారు. మనం సంగటి తింటున్నది ఇష్టపడి. వాళ్ళ పెద్దలు తిన్నది మరో దారిలేక.

ఇష్టపడి తినడానికీ, దారిలేక తినడానికీ ఉన్న తేడా గురించి ఆలోచిస్తుంటే ఎప్పుడో కాలేజీలో చదివిన ఇంగ్లీషు నవలలు గుర్తుకొచ్చాయి. విక్టోరియా రాణి కాలంనాటి ఆ నవలల్లో గంజి, జావ ఎంత పారుతుందో! వాళ్ళది ఓట్సుతో కాచింది, మనది రాగులతో కాచింది. అంతే తేడా. మా పెట్టెలో అడుగున ఉన్న ఆ పాత పుస్తకాలు తీసి, మధ్యాహ్నాలు మళ్ళీ చదివాను. అప్పుడు పరీక్షకోసం చదివాను, ఇప్పుడు మా పనామె అన్న మాటకోసం చదివాను.

డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్' కథలో స్క్రూజ్ అనే ముసలాయన ఉంటాడు. బోలెడు డబ్బు, అంతకుమించిన పిసినారితనం. క్రిస్మస్ ముందురోజు రాత్రి చలిలో, చిన్న మంట ముందు కూర్చుని గంజి తాగుతాడు. జలుబు చేసిందని కాచుకున్న గంజి. దాన్ని చదివి ఏ పాఠకుడూ అయ్యో పాపం అనుకోడు. ఆయన కావాలంటే కోడి వండించుకోగలడు. గంజి తాగినంత మాత్రాన పేదవాడు కాడు గదా.

అదే డికెన్స్ అంతకు ముందు రాసిన 'ఆలివర్ ట్విస్ట్' తీసుకోండి. విక్టోరియా గద్దెనెక్కిన 1837లోనే అది పత్రికలో వారాలూ నెలలూ చదువరులు ఎదురుచూసే సీరియల్‌గా మొదలైంది. అందులో అనాథ పిల్లలుండే పేదల సత్రం ఉంది. సత్రమంటే మన సత్రంలాంటిది కాదు. పని చేయించుకుని కూడుపెట్టే చోటు. రోజుకి మూడుపూటలా పల్చటి గంజి, ఒక్కొక్క గిన్నె. పిల్లలు చెంచాలతో ఎంతగా గీకేవారంటే ఆ గిన్నెలు ఎవరూ కడగాల్సిన పని ఉండేది కాదట. ఆకలికి తట్టుకోలేక, వాళ్ళలో కాస్త పొడుగు పిల్లాడొకడు పక్కన పడుకున్నవాణ్ణి తినేస్తానేమో అని బెదిరించాడు. అందరూ చీట్లు వేసుకున్నారు. ఆలివర్ పేరు వచ్చింది. ఆ పిల్లాడు గిన్నె పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఇంకొంచెం కావాలని అడిగాడు.

అంతే. కొంప మునిగింది. పెద్దాయన గరిటెతో నెత్తిన కొట్టాడు. కమిటీవారు సమావేశమయ్యారు. వీడు ఎప్పటికైనా ఉరికంబం ఎక్కుతాడని ఒక పెద్దమనిషి జోస్యం చెప్పాడు. ఈ పిల్లాణ్ణి ఎవరైనా తీసుకుపోతే అయిదు పౌన్లు ఇస్తామని మర్నాడు గుమ్మానికి కాగితం అంటించారు. గంజి ఇంకో గరిటె పోస్తే ఎంత ఖర్చయ్యేదో గానీ, పొయ్యకుండా ఉండడానికి అయిదు పౌన్లు ఇవ్వడానికి సిద్ధపడ్డారు!

ఇదంతా డికెన్స్ వెటకారానికి రాసింది కాదు. 1834లో ఇంగ్లండులో పేదల చట్టాన్ని మార్చారు. సత్రంలో బతుకు, బయట కూలిచేసుకుని బతికే కటికపేదవాడి బతుకుకంటే హీనంగా ఉండాలన్నది ఆ చట్టం వెనకున్న సూత్రం. హాయిగా ఉంటే జనం పని మానేసి వచ్చి కూర్చుంటారట. అందుకని గంజిని పల్చగా కాచడం కూడా ఒక విధానమే. వంటవాడి పిసినారితనం కాదది, దేశం లెక్క. చదువుతున్న నాకు, "అలుసిస్తే నెత్తికెక్కుతారు" అని మన వసారాల్లో రోజూ వినబడే మాట గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

రెండో పుస్తకం షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన 'జేన్ ఐర్'. జేన్ అనే అనాథ పిల్లని ధర్మంమీద నడిచే ఆడపిల్లల బడిలో వేస్తారు. మొదటిరోజు పొద్దున జావ మాడిపోయింది. గది నిండా కమురు వాసన. ఆకలితో నకనకలాడుతున్న పిల్లలు ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక ఊరుకున్నారు. ఫలహారం అయిందన్నారు. ఎవరూ ఫలహారం చెయ్యలేదు. తినని తిండికి దేవుడికి దండం మాత్రం పెట్టి లేచారు. ఆ బడిలో మిస్ టెంపుల్ అనే పెద్ద టీచరు మంచి మనసుతో, తన బాధ్యతమీద పిల్లలందరికీ రొట్టే జున్నూ తెప్పించి పెట్టింది. తర్వాత బడి పెత్తనందారు వచ్చి ఆమెను నిలదీశాడు. తిండి పాడైతే అది పిల్లలకి ఓర్పు నేర్పే మంచి అవకాశమట! రొట్టె పెట్టి వాళ్ళ ఒళ్ళు పెంచారుగానీ ఆత్మను ఎండగట్టారట. ఆయన ఆ ఉపన్యాసం ఇస్తుండగానే ఆయన భార్యా కూతుళ్ళూ పట్టూ మఖమలూ కట్టుకుని లోపలికి వచ్చారు.

ఇది కూడా ఊహించి రాసింది కాదు. చిన్నతనంలో షార్లెట్ ఉన్న కోవన్ బ్రిడ్జి బడే ఈ బడికి మూలం. అదే బడిలో ఉన్న ఆమె అక్కలిద్దరూ, మరియా, ఎలిజబెత్, జబ్బుచేసి 1825లో చనిపోయారు. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఆ మాడువాసన ఆమెను వదల్లేదు చూశారా.

ఈ రెండు కథలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే నాకొక సంగతి తట్టింది. ఆలివర్ అని దెబ్బతిన్న మాట "ఇంకొంచెం". జేన్‌తోటి పిల్లలు అనలేకపోయిన మాట "వద్దు". పేదరికమంటే గిన్నెలో గంజి ఉండటం కాదు. ఆ గిన్నె ముందు కూర్చుని ఈ రెండు మాటల్లో ఏదీ అనలేకపోవడం.

మన ఇళ్ళలో ఈ రెండు మాటలకి ఎంత విలువుందో ఆలోచించండి. ఇంటికొచ్చినవాళ్ళకి విస్తరి వేస్తే, "ఇంకొంచెం వేయించుకోండి" అని మనం వెంటపడతాం. "వద్దు, వద్దు, చాలు" అని వాళ్ళు విస్తరిమీద చేతులు అడ్డం పెడతారు. మనం ఆ వేళ్ళ సందుల్లోంచే గరిటెడు నెయ్యి పోసేస్తాం. పెళ్ళిలో మగపెళ్ళివారు అలిగేది కూర చాలకపోయినందుకు కాదు, ఎవరూ మారు అడగనందుకు. మన మర్యాదంతా ఆ రెండు మాటల మీదే నడుస్తోంది. వాటిని అనే స్వతంత్రం ఉన్నవాడు చుట్టం. లేనివాడు బిచ్చగాడు. తిండి ఇద్దరికీ ఒకటే కావచ్చు.

ఇంగ్లండు సంగతి మనకెందుకు అంటారేమో. ఆ గరిటె అక్కడే ఆగిపోలేదు. ఓడెక్కి మన ఊళ్ళదాకా వచ్చింది.

మా అవ్వది వాయల్పాడు పక్కన పల్లె. పిల్లలం అన్నం పారేస్తే "ధాత కరువు వస్తే తెలుస్తాది మీకు" అనేది. ధాత అంటే ఎవరో రాక్షసుడనుకునేదాన్ని. అది తెలుగు సంవత్సరం పేరని చాలా పెద్దయ్యాక తెలిసింది. 1876లో మొదలై 1878దాకా మద్రాసు రాజధానిని పీడించిన కరువది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. చిత్తూరు ఉత్తరార్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 1911లో గదా మన జిల్లా ఏర్పడింది! లక్షలమంది ఆ కరువులో పోయారు. మా అవ్వ ఆ కరువు చూడలేదు. వాళ్ళ అవ్వ చూసింది. ఆమె నోటి మాట మా అవ్వ నోటికి వచ్చింది.

1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు చేసి, విక్టోరియాను మన దేశానికి చక్రవర్తినిగా చాటారు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకి పంపించారు. కరువు పనుల్లో రాళ్ళుకొట్టే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం చాలన్నాడాయన. అంటే అరకిలో కూడా లేదు. దాంతోపాటు కాస్త చిల్లర. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇంకా తక్కువ. దానికి టెంపుల్ కూలి అని పేరే పడిపోయింది. మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే కార్నిష్ అనే డాక్టరు, ఇంత తిండితో ఆ పని చేస్తే మనిషి నిలవడని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకి కూలి పెంచారు. ఆలోపే పోయేవాళ్ళు పోయారు.

చూశారా, నవలలో మిస్ టెంపుల్ రొట్టె పెట్టింది. చరిత్రలో సర్ టెంపుల్ పౌను తూచాడు. టెంపుల్ అంటే గుడి అని మనకి తెలుసు. ఒకే పేరుతో ఒక గుడి తెరిచి ఉంది, ఒకటి మూసి ఉంది.

అయితే ఆ పెద్దమనిషిని రాక్షసుణ్ణి చేసి చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఎందుకంటే అంతకు మూడేళ్ళ ముందు, 1873-74లో, బీహారులో కరువొచ్చినప్పుడు ఈయనే బర్మానుంచి ఓడల్లో బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. చావులు చాలా తక్కువ. మరి పైవాళ్ళు మెచ్చుకున్నారా? దుబారా మనిషని తిట్టారు. ఆ తిట్లు పడ్డ మనిషి తర్వాత మద్రాసుకి వచ్చేసరికి తక్కెడ పట్టుకున్నాడు. పెట్టినందుకు మాటపడ్డవాడు రెండోసారి చెయ్యి ముడుచుకోవడం మనకి తెలియని సంగతా? "నీ మంచితనమే కొంప ముంచుతోంది" అని అత్తగారో, మొగుడో, పక్కింటావిడో ఒక్కసారి అంటే మనం మాత్రం మర్నాటినుంచి గిద్దె పట్టుకోమూ?

మా అవ్వ స్వయంగా చూసింది 1950ల మొదట్లో వరసగా వచ్చిన కరువుల్ని. అప్పుడు రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు. "పోసినారు, బతికినాము, కాదనకూడదు" అనేది అవ్వ. ఆ మాట ముందు చెప్పి తర్వాతది చెప్పేది. ఆమె చెంబు పట్టుకుని పోయేటప్పుడు ఖాళీది గదా, మామూలుగా ఊపుకుంటూ పోయేదట. గంజి పోయించుకుని వచ్చేటప్పుడు మాత్రం కొంగు కప్పుకుని వచ్చేదట. ఎండకి కాదు, ఈగలకి కాదు. "ఎవరైనా ఎదురొస్తారేమోనని" అనేది. అంతకుముందు ఏడు అదే చేతులతో కళ్ళంలో పదిమందికి సంగటి పెట్టిన మనిషి.

ఇదే ప్రాంతంలో ఇంకో అంబలి కూడా ఉంది. వేసవిలో గంగజాతర వస్తే ఊరూరా గంగమ్మకి అంబలి పోస్తారు. రాగిపిండి ముందురోజు నానేసి, పులియబెట్టి, నూకలతో కాచి, మజ్జిగా ఉల్లిపాయలూ కలిపిన అంబలి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకి మీరు వచ్చి ఉంటే చూసే ఉంటారు. అమ్మవారికి పెట్టాక ఆ అంబలిని వచ్చినవాళ్ళందరికీ పోస్తారు. అక్కడ కారు దిగినవాడూ చెయ్యి పడతాడు, చెప్పుల్లేనివాడూ పడతాడు. చెంబుమీద ఎవరూ కొంగు కప్పరు. "ఇంకొంచెం పొయ్యమ్మా" అని పట్టుచీరావిడే అడుగుతుంది. గంజి కేంద్రంలో ఉన్నదీ, గంగమ్మ గుడి ముందున్నదీ దాదాపు ఒకే పదార్థం. ఒకదాన్ని కొంగుకింద దాచుకున్నాం, ఒకదాన్ని కళ్ళకద్దుకున్నాం.

కొండమీద కూడా అంతే. 1985లో తిరుమలలో నిత్యాన్నదానం మొదలైంది. తరిగొండ వెంగమాంబ పేరుమీద పెద్ద భవనం 2011లో వచ్చింది. మన పాత జిల్లా ఆడపడుచు పేరు అన్నానికి పెట్టారని నాకదో గర్వం లెండి. అక్కడ వరసలో కూర్చుంటే పక్కనున్నది ఆఫీసరో, హమాలీయో తెలియదు. సాంబారు బకెట్టు మళ్ళీ వస్తుంది. వేయించుకోవచ్చు, వద్దనవచ్చు. ఎవరూ ఎందుకొచ్చావని అడగరు.

"అందరికీ అలా పొయ్యడం దేవుడికి చెల్లుతుంది, మనకి కొలత లేకపోతే ఎట్లా?" అన్నారు మావారు ఇదంతా విని. న్యాయమైన మాటే. కొలతంటే నాకూ కోపం లేదు. రేషన్ షాపులో తక్కెడ లేకపోతే మొదట నష్టపోయేది పేదవాడే. అక్కడ ముల్లు సరిగ్గా నిలిచిందో లేదో తొంగిచూసేది వాడే. ఆ కొలత వాడి హక్కుకి కాపలా. ఆలివర్ గంజిని కొలిచిన గరిటె, వాడిమీద అనుమానానికి కాపలా. కొలిచే చెయ్యి ఎవరి పక్షాన ఉందన్నదే నా బాధ.

ఇంతదాకా దొరల్నీ, దొరసానుల్నీ, చరిత్రనీ కడిగేశాను. ఇక మా వంటిల్లు మిగిలింది.

మా ఇంట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. మూతకి సొట్టపడింది. రాత్రి మిగిలిన అన్నం, నిన్నటి కూర, ఒక్కోసారి మొన్నటి పులుసు అందులో వేసి మా పనామెకి ఇస్తాను. ఏళ్ళ తరబడి ఇస్తున్నాను. ఆమె ఏనాడూ వద్దనలేదు. "ఇయ్యండమ్మా" అని తీసుకుపోతుంది. నేను దాన్ని మంచితనమనే అనుకున్నాను. పారెయ్యడంకన్నా మేలు గదా, అన్నం పరబ్రహ్మస్వరూపం గదా!

కిందటేడు ఎండాకాలంలో ఒకరోజు మందుల షాపుకి వెళ్ళి వస్తూ మా వీధి మలుపులో చూశాను. ఆమె ఆ డబ్బా తెరిచి, అందులో ఉన్నదంతా గోడవారన వీధికుక్కకి పోస్తోంది. నన్ను చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎంత పొగరు! తినకపోతే తీసుకోవడమెందుకు? ఇంటికొచ్చి మావారితో చెప్పి, రేపటినుంచి ఒక్క మెతుకు ఇవ్వనని శపథం కూడా చేశాను.

ఆ రాత్రే 'జేన్ ఐర్'లో ఇంకో చోటికి వచ్చాను. జేన్ పెద్దదై, ఉన్న చోటు వదిలేసి, చేతిలో పైసా లేక ఊరుకాని ఊళ్ళో తిరుగుతుంటుంది. ఒక గుడిసె ముందు ఒక చిన్నపిల్ల చల్లారి గడ్డకట్టిన జావని పందికి వెయ్యబోతోంది. అది నాకిస్తావా అని అడుగుతుంది జేన్. పిల్ల తల్లిని అడుగుతుంది. బిచ్చగత్తె అయితే ఇచ్చెయ్యి, పంది కూడా దాన్ని తినదులే అంటుంది లోపల్నుంచి తల్లి. జేన్ దాన్ని ఆబగా తినేస్తుంది.

పుస్తకం మూసేశాను. ఆరోజు డబ్బాలో నేనేం వేశానో గుర్తుచేసుకున్నాను. మూడురోజుల నాటి వంకాయ పులుసు. ఫ్రిజ్జులోనే ఉందిగానీ వాసన చూసి మావారికి వడ్డించకుండా పక్కన పెట్టిందే. మాకు వద్దనిపించింది కాబట్టి ఆమెకి ఇచ్చాను. మాకు వద్దనే స్వతంత్రం ఉంది. ఆమెకి లేదు. నా ముందు వద్దంటే నేనేమనుకుంటానో! పండగ చీర మాటేమవుతుందో, పిల్లాడి ఫీజుకి అడిగిన బదులేమవుతుందో! అందుకని ఆమె "వద్దు" అనే మాటని మలుపుదాకా మోసుకుపోయి, కుక్కకి చెప్పింది.

జేన్ తిన్నది కాబట్టి ఆ గుడిసె తల్లి పుణ్యం చేసిందా? ఈ ప్రశ్నకి నాకు తేలిగ్గా జవాబు రాలేదు. ఆకలిమీద ఉన్నవాడికి ఏదో ఒకటి దొరకడం మేలే. మా అవ్వ చెప్పినట్టు, పోసినారు, బతికినాము. పాచిదైనా ఇచ్చిన చెయ్యి, ఇవ్వని చేతికంటే నయం. కాని అంతమాత్రాన ఆ చెయ్యి మంచిదని ఒప్పేసుకుంటే, రేపు గరిటె పట్టుకున్న ప్రతివాడూ మంచివాడే. మిగిలింది ఇవ్వడం తప్పు కాదు. మనం తినలేనిది ఇచ్చి, ఇచ్చామని గుర్తుపెట్టుకోవడం తప్పు. తీసుకునేవాళ్ళ నోట్లో ఉన్న ఆ రెండు మాటల్నీ మనమే మింగేసి, పైగా వాళ్ళకి విశ్వాసం లేదనడం ఇంకా పెద్ద తప్పు.

మర్నాడు ఆమె వచ్చింది. నేను కుక్క సంగతి ఎత్తలేదు. ఎత్తితే సిగ్గుపడేది ఆమె, పడాల్సింది నేను. సంగటి అప్పుడే దించాను. ఈసారి ఉండలు కట్టలేదు. ఊరిబిండి, చింతాకు పప్పు ఉన్నాయి. "తిని పోదువు, కూర్చో" అన్నాను. మేం తినే పళ్ళెంలోనే పెట్టాను. ఆమె వంటింటి గడపకి అవతల కింద కూర్చోబోయింది. నేనూ కిందే కూర్చున్నాను. బల్లమీదికి రమ్మంటే రాదని తెలుసు. ఒక్కరోజులో అన్నీ మారవు గదా.

"ఎట్లుంది?" అన్నాను.

"బానే ఉందిగానీ, ఇంకా రొంతసేపు ఉడకాలమ్మా. పచ్చివాసన వస్తా ఉంది" అంది.

ఇన్నేళ్ళలో నా వంటకి ఆమె వంక పెట్టడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, చిన్న ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అయినా లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. "ఇంకొంచెం పెట్టనా?" అన్నాను తెడ్డు తీసుకుని.

"వద్దమ్మా" అంది ఆమె పళ్ళెంమీద చెయ్యి అడ్డం పెట్టి.

నేను వేళ్ళ సందులోంచి కొంచెం పప్పు పోసేశాను.